ఒక్క ధర మార్చాలన్నా డబ్బు కట్టాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పచ్చళ్లు, పిండివంటల షాపు నడుపుతున్నాం. వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయి ఒక్క ధర మార్చాలన్నా డబ్బులు అడుగుతున్నాడు, పైగా వారం రోజులు తిప్పుతాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ చిరునామా, ఎవరి పేరు మీద ఉందో చూడండమ్మా. అతని పేరు మీద ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి మీ పేరుకి, మీ ఈమెయిల్‌కి మార్పించుకోండి, అది చేతిలో లేకపోతే రేపు ఇంకొకరి దగ్గరికి వెళ్లాలన్నా అతన్నే బతిమాలుకోవాలి. సైట్ వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే పని తేలికే. మీకు ‘ఎడిటర్’ లాగిన్ ఇమ్మనండి, పేజీ తెరిచి గోంగూర పచ్చడి పక్కన పాత ధర చెరిపి కొత్తది కొట్టి సేవ్ చేయడమే, ఫోన్‌లో కూడా అయిపోతుంది. వర్డ్‌ప్రెస్‌కి ఆన్‌లైన్ షాపును జోడించే వూకామర్స్‌తో ఆర్డర్లు తీసుకుంటుంటే మాత్రం ‘షాప్ మేనేజర్’ లాగిన్ అడగండి.

ప్లగిన్ల (సైట్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్లు, బ్యాకప్ తెలిసినవాళ్లకే నెలకింతని మాట్లాడి అప్పజెప్పండి. వాటిని గాలికొదిలేసిన సైట్లే తేలిగ్గా హ్యాకర్ల చేతికి చిక్కుతాయి, ఇక్కడ పొదుపు వద్దు. ఉగాది సెలవు, షాపు వేళలు, ఫొటోలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో మీ షాపు వివరాలు చూపే పేజీ) మీరే ఉచితంగా మార్చుకోవచ్చు. మ్యాప్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ముందు చూసేది అదే కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.