బాండ్ సా నిజంగా భయం లేని మిషనేనా? గ్లౌజులు వేసుకోవాలా?

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగింది చదివాను. నాన్నగారి ఫర్నీచర్ షాపులోకి కొత్తగా 14 అంగుళాల బాండ్ సా తెచ్చారు, పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద పట్టీలాంటి రంపపు బ్లేడు తిరిగే మిషన్. ఇప్పటిదాకా చేతి రంపం, చేత్తో పట్టుకునే కట్టర్ తప్ప వేరే మిషన్ వాడలేదు. అమ్మినాయన "ఇది టేబుల్ సా మాదిరి వెనక్కి తన్నదు, భయం లేదు" అన్నాడట. అది నిజమా, గ్లౌజులు వేసుకోవాలా, ఇంటర్ చదివే తమ్ముడిని సాయానికి పెట్టుకోవచ్చా అని మూడు అడిగారు. నేను కర్నూలులో పంతొమ్మిదేళ్ళుగా ఈ మిషన్ మీదే బతుకుతున్నాను. పని నేర్చుకున్నది ఎమ్మిగనూరులో మా మేనమామ దగ్గర. అక్కడ తలుపులు, కిటికీల కంటే మగ్గాల రిపేర్లే ఎక్కువ వచ్చేవి.

అమ్మినాయన చెప్పింది సగం నిజం. టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి తేలి ఉండేది, దానిలో పళ్ళు మనవైపు తిరుగుతాయి కాబట్టి చెక్క ఇరుక్కుంటే నేరుగా మన పొట్ట మీదికి విసురుతుంది. బాండ్ సా బ్లేడు పైనుంచి కిందికి దిగుతుంది, చెక్కను టేబుల్‌కే అదిమి పెడుతుంది. అందుకే వెనక్కి తన్నదు. కానీ టేబుల్ సా అరుపుకే మనిషి జాగ్రత్త పడతాడు. బాండ్ సా సన్నగా పాట పాడుతున్నట్టు తిరుగుతుంది. రెండో నెలకే దానితో చనువు వచ్చేస్తుంది. నా ఎడమ చూపుడు వేలి గోరు ఇప్పటికీ రెండుగా చీలి పెరుగుతుందంటే ఆ చనువు వల్లే.

అది పెళ్ళిళ్ళ సీజను. లేత్ మీద తిప్పిన మంచం కోళ్ళు నాలుగు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి మాత్రం అర అంగుళం పొడుగు. చేతి రంపంతో రెండు నిమిషాల పని. మిషన్ ఎలాగూ తిరుగుతోంది కదా అని కోడును టేబుల్ మీద అడ్డంగా పెట్టి, ఎడమ చేత్తో పైనుంచి పట్టుకుని తోశాను. పళ్ళు తగిలాయో లేదో కోడు గిర్రున బ్లేడు వైపు దొర్లింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా దానితోపాటే పోయింది. నొప్పి వెంటనే తెలియలేదు. నేను మొదట చూసింది బ్లేడు వంకర పోవడం, "అయ్యో, కొత్త బ్లేడు" అనుకోవడం. కింద రంపపు పొట్టు ఎర్రబడితే గానీ వేలు గుర్తు రాలేదు. ఐదు కుట్లు పడ్డాయి. ఎముకకు తగలలేదు, అంతవరకు అదృష్టం.

ఎందుకు దొర్లిందంటే, గుండ్రటి కట్టె టేబుల్‌ను తాకేది అడుగున ఒక్క గీత మీదే. పళ్ళు దాన్ని పట్టేది ముందు వైపు, గాల్లో ఉన్న చోట. అక్కడ పట్టి కిందికి లాగితే అది తిరగక ఏం చేస్తుంది? మామూలు పలకకు అడుగంతా టేబుల్ ఆనిక ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. కోడు, చపాతీ కర్ర, పారకు వేసే కామ, వెదురు బొంగు, ఇవేవీ ఉత్త చేత్తో పట్టుకుని బాండ్ సాలో పెట్టకండి. నాలుగంగుళాల దిమ్మ తీసుకుని, మిషన్ టేబుల్‌ను 45 డిగ్రీలకు వంచి, దిమ్మను అటూ ఇటూ తిప్పి రెండు కోతలు కోస్తే మధ్యలో వీ ఆకారం గాడి పడుతుంది. గుండ్రటి కట్టెను ఆ గాడిలో పడుకోబెట్టి క్లాంపు బిగించి, దిమ్మతో కలిపి తొయ్యండి. ఆ దిమ్మ చేయడానికి నాకు పావుగంట పట్టింది, కుట్లు వేయించుకున్న మర్నాడు.

ఇక మీ గ్లౌజుల సంగతి. బ్లేడు తిరుగుతున్నంతసేపూ వద్దు. ఉత్త వేలికి పళ్ళు రాసుకుంటే గాయమవుతుంది, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. గ్లౌజు దారం ఒక్క పంటికి చిక్కిందంటే చెయ్యి వెనక్కి రాదు, కిందికి పోతుంది. పొడుగు చేతుల చొక్కా, భుజం మీది తువ్వాలు, జారే లుంగీ, మణికట్టుకు కట్టుకున్న దారాలు, ఉంగరం, వాచీ అన్నిటిదీ అదే తీరు. గ్లౌజులు వేసుకోవాల్సింది బ్లేడు మార్చేటప్పుడు. కొత్త బ్లేడు మూడు చుట్లుగా మడిచి వస్తుంది, కట్టు విప్పగానే బుస్సున లేచి ముఖం మీదికి వస్తుంది. ప్లగ్ పీకి, గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు చాచి దూరంగా పట్టుకుని విప్పండి. ఎక్కించాక పళ్ళు మీవైపు, కిందికి చూస్తున్నాయో లేదో చూసుకోండి. పైకి చూస్తుంటే బ్లేడును లోపలి వైపు బయటికి వచ్చేలా మెలితిప్పి మళ్ళీ వేయాలి. మొదటిసారి ఎక్కించినప్పుడు నేనూ తిరగేసి వేసి, చెక్క కోసుకుపోవడం లేదేమిటా అని అరగంట తల పట్టుకున్నాను. మా మామ చూసి నవ్వుతూ నిలబడ్డాడే గానీ చెప్పలేదు.

కోతలో అసలు ప్రమాదం చివరి అంగుళం దగ్గర ఉంటుంది. రెండడుగుల టేకు పలక నిలువుకోత కోస్తున్నారనుకోండి. మొదటినుంచీ చేతులు ఒక బరువుతో తోస్తుంటాయి, దానికి అలవాటు పడిపోతాయి. చివర్లో కోయాల్సిన చెక్క అయిపోగానే ఆ ఎదురు బరువు టక్కున మాయమవుతుంది. తోస్తున్న చెయ్యి మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. చెవి పెట్టి వింటే ముందే తెలుస్తుంది, గుర్రుమనే చప్పుడు పలచబడుతుంది. అక్కడ తొయ్యడం సగానికి తగ్గించి, చెయ్యి తీసేసి కర్రతో తొయ్యాలి. అడుగున్నర రీపరు ముక్కకు చివర మెట్టులా కోసుకుంటే చాలు, అదే తోపుడు కర్ర. మిషన్ పక్కనే మేకు కొట్టి తగిలించి ఉంచండి. పక్క గదిలో ఉంటే ఎవరూ వెళ్ళి తెచ్చుకోరు. వేళ్ళు బ్లేడుకు మూడంగుళాల లోపలికి రాకూడదు, బొటనవేలు ఎప్పుడూ బ్లేడు గీతకు ఎదురుగా ఉండకూడదు. మామ పక్కన నిలబడి ఒకటే మాట అనేవాడు: "అబ్బీ, బ్లేడు దిక్కు జూడు, నా దిక్కు గాదు."

బ్లేడు పక్కకు ఊగకుండా టేబుల్ పైన పట్టి ఉంచే భాగమే పై గైడు, దాన్ని కోసే చెక్కకు పావు అంగుళం ఎత్తులో దించుకోండి. చాలామంది మొదటి రోజు పైకి ఎత్తి అలాగే వదిలేస్తారు. అంగుళం చెక్క కోస్తూ ఆరంగుళాల బ్లేడు బయట పెట్టుకోవడం ఎందుకు? వేలు పోవడానికి చోటిచ్చినట్టు అవుతుంది, పైగా బ్లేడు ఊగి కోత వంకర పోతుంది. పక్క గైడులకూ బ్లేడుకూ మధ్య న్యూస్ పేపర్ ముక్క దూరేంత సందు ఉంటే చాలు. వెనక బేరింగు ఉత్తప్పుడు బ్లేడును తాకకూడదు, కోసేటప్పుడే తాకాలి.

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త పొడిగిస్తాను. మన సీమలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియనిది కాదు. ఒకరోజు మధ్యాహ్నం కోత మధ్యలో పోయింది. స్విచ్ ఆపకుండా, ఎలాగూ ఖాళీయే కదా అని కింది తలుపు తీసి చక్రం దగ్గర పేరుకున్న పొట్టు చేత్తో లాగుతున్నాను. టీ తెచ్చిన పిల్లవాడు పిలిస్తే లేచాను. గ్లాసు అందుకునే లోపల ఫ్యాను, లైటు, మిషన్ మూడూ ఒకేసారి లేచాయి. ఆ టీ తాగలేకపోయాను, చేతులు వణికి సగం ఒలికిపోయింది. ఆ వారమే మామూలు స్విచ్ తీసేసి, కరెంటు పోతే దానంతటదే పడిపోయే స్టార్టరు పెట్టించాను. మళ్ళీ పచ్చ బటన్ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. బోరు మోటార్లకు మన రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు చూడండి, కరెంటు రాగానే వాటంతటవే ఎత్తుకునేవి, అలాంటిది ఈ మిషన్‌కు పొరపాటున కూడా పెట్టించకండి. పొట్టు తీయాలంటే ప్లగ్ పీకాలి, బ్రష్ వాడాలి. స్విచ్ ఆపినా చక్రాలు వెంటనే ఆగవు, వాటి బరువుకు కాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటాయి. టేబుల్ సందులో ఇరుక్కున్న చిన్న ముక్కను తీయబోయి దెబ్బ తగిలేది ఆ కాసేపట్లోనే.

పాత కట్టె కోసేటప్పుడు మేకుల సంగతి చూసుకోండి. ఊళ్ళో రోడ్డు పక్క వేప చెట్టు కొట్టారంటే లోపల మేకు ఉన్నట్టే. ఎన్నికల ఫ్లెక్సీలు, ట్యూషన్ బోర్డులు ఏళ్ళ తరబడి కొట్టి ఉంటారు, చెట్టు వాటిని మింగేసి పైన బెరడు కప్పేస్తుంది. అయస్కాంతం పైపైన ఉన్నవే పట్టిస్తుంది. కోసిన ముఖం మీద నల్లని, నీలం మరక కనిపిస్తే అక్కడ ఇనుము ఉందనుకోండి, తుమ్మలో అది ఇంకా బాగా తెలుస్తుంది. మొద్దులే కోయించాల్సి వస్తే లైసెన్సున్న కోత మిల్లుకు పంపండి. దానికి అటవీ శాఖ నిబంధనలు వేరే ఉన్నాయి, మీ 14 అంగుళాల మిషన్‌కూ అది తగిన పని కాదు.

వంపులు కోసేటప్పుడు బ్లేడు వెడల్పును బట్టి నడుచుకోవాలి. పావు అంగుళం బ్లేడు సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా తిరుగుతుంది. అర అంగుళం బ్లేడుకు రెండున్నర అంగుళాలు కావాలి. అంతకంటే బిగువుగా తిప్పితే బ్లేడు మెలిపడి తెగుతుంది. కాబట్టి వంపు దాకా పక్కనుంచి పొట్టి కోతలు ముందే వేసుకుంటే ముక్కలు వాటంతటవే రాలిపోతాయి. కోత మధ్యలో ఇరుక్కుంటే మిషన్ తిరుగుతుండగా వెనక్కి లాగకండి, బ్లేడు చక్రాల మీదనుంచి ఊడి వస్తుంది. ఆపి, పూర్తిగా ఆగాక లాగండి. పళ్ళు ఎన్ని ఉండాలంటే, ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండేలా చూసుకోండి. మందం పలక నిలువుకోతకు అంగుళానికి 3, 4 పళ్ళది, పలచటి ప్లైవుడ్‌కు 10 పైన.

బ్లేడు తెగబోయే ముందు చెబుతుంది. గైడు దాటే ప్రతిసారీ టిక్, టిక్, టిక్ అని ఒకే లయలో వినిపిస్తే ఎక్కడో పగులు పట్టిందని అర్థం, ఎక్కువగా బ్లేడు రెండు కొసలూ కలిపిన అతుకు దగ్గరే. ఈ అతుకు తలనొప్పి ఇప్పటిది కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో బాండ్ సా ఆలోచన వచ్చినా అతుకు నిలవక మూలనపడింది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఆమె గట్టిగా అతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాకే మిషన్ దారిలో పడింది. టిక్ టిక్ వినగానే ఆపండి. తెగితే తుపాకి పేలినట్టు చప్పుడు వస్తుంది. అప్పుడు వెనక్కి జరిగి, స్విచ్ ఆపి, చక్రాలు నిలిచేదాకా తలుపులు తీయకండి. తెగిన బ్లేడు సాధారణంగా మిషన్ తెరిచి ఉన్న వైపు, అంటే మీరు ఎదురుగా నిలబడితే కుడి పక్కకు ఎగురుతుంది. అక్కడ ఎవరినీ నిలబడనివ్వకండి. రాత్రి ఇంటికి వెళ్ళేముందు బ్లేడు టెన్షన్ (బిగువు) వదులు చేస్తే చక్రాల మీది రబ్బరు టైర్లు, బ్లేడు ఎక్కువ రోజులు వస్తాయి. నేను వదులు చేసిన రోజు స్విచ్‌కు ఎర్ర గుడ్డ పీలిక కడతాను, పొద్దున్నే బిగించకుండా ఆన్ చేయకుండా.

పొట్టు గురించి ఒక్క మాట. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

దేవుడి దయ వల్ల అవసరం రాకూడదు గానీ, వేలు తెగి పడితే తెగిన ముక్కను శుభ్రమైన నీళ్ళతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి, ఆ కవరును ఐసు నీళ్ళలో పెట్టాలి. ముక్కను నేరుగా ఐసు మీద పెడితే పాడవుతుంది. గాయం మీద గట్టిగా అదిమి పట్టుకుని 108కు ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలు మా షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి, చదివిన కస్టమర్లు ముఖం చిట్లిస్తారు.

తమ్ముడి సంగతి: 18 నిండేదాకా మిషన్ ముందు నిలబెట్టకండి. అలాంటి పిల్లలను ప్రమాదకరమైన యంత్రాల దగ్గర సరైన శిక్షణ, పర్యవేక్షణ లేకుండా పెట్టకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. చట్టం మన చిన్న షాపుకు వర్తించినా వర్తించకపోయినా నా మాట అదే. పొడుగు పలకల అవతలి కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే రెండు స్టాండ్లు చేసుకోండి. వాడు కొలతలు గీసి పెట్టనీ, పాలిష్ నేర్చుకోనీ.

మీ మిషన్‌కు ఉన్నది ఉత్త స్విచ్చా, రెండు బటన్ల స్టార్టరా చూసి చెప్పండి. ఉత్త స్విచ్ అయితే దగ్గర్లో బోరు మోటార్లు రిపేరు చేసే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మొదటి చెక్క కోయకముందే మార్పించండి.