కడుపుతో ఉన్నప్పుడు కల్లు చలువేనా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఇప్పుడు మూడో నెల. గర్భం నిలిచిందని తెలియకముందు చుట్టాల పెళ్లిలో కల్లు తాగాను. ఇప్పుడు మానేస్తానంటే, ‘కల్లు చలువ, నేను తాగే ముగ్గురిని కన్నాను’ అంటూ మా అత్తమ్మ రోజూ ఒక గ్లాసు ఇస్తున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. బిడ్డకు ఏమవుతుందోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఆ గ్లాసు ఇక తీసుకోకండి. కల్లు చెట్టు నుంచి దిగినదే అయినా, లొట్టిలో పడినప్పటి నుంచే పులియడం మొదలై అందులో ఆల్కహాల్ తయారవుతుంది. బీరులో, విస్కీలో మత్తు కలిగించేదీ అదే. తల్లి తాగినది రక్తంతో పాటు మాయను దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డ కాలేయానికి దానిని తొందరగా విరిచేసే శక్తి ఇంకా రాదు. గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదని చెప్పగలిగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తల్లి తాగినంత మాత్రాన ప్రతి బిడ్డకూ హాని జరగదన్నది నిజమే. అయితే జరిగిన హాని ముఖంలో కనిపించడం అరుదు. పై పెదవి పలుచబడటం, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి చదునుగా ఉండటం, కళ్లు చిన్నవిగా ఉండటం వంటి గుర్తులు కొందరు పిల్లలలోనే ఉంటాయి. ఎక్కువ మందిలో దెబ్బతినేది మెదడు: జ్ఞాపకం నిలవదు, లెక్కలు రావు, కుదురుగా కూర్చోలేరు, చెప్పిన మాట అర్థమైనట్టే ఉండి మరునాటికి మరిచిపోతారు. అటువంటి పిల్లలను మన ఇళ్లలో మొండివాళ్లనో, చదువు అబ్బలేదనో అనేసి ఊరుకుంటారు. ఈ లక్షణాలకు అమెరికా వైద్యులు ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టినదే 1973లో కాబట్టి, మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఇది తెలియకపోవడంలో వింత లేదు. ఈ మాటలు పట్టుకుని అత్తమ్మ పిల్లల మీదికి మాత్రం వెళ్లకండి. గొడవ పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

తెలియక తాగినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోనక్కరలేదు. బిడ్డ మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది గనుక, ఇప్పుడు మానినా మేలే. ఒక్క జాగ్రత్త: కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజెపాం వంటి మత్తుమందులు కలుపుతున్నారు. తాగని రోజున చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా, ఒళ్లంతా చెమటలు పట్టినా ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి; అలవాటుపడిన శరీరానికి ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

అత్తమ్మతో మీరొక్కరే వాదించవలసిన పని లేదు. ఈసారి పరీక్షకు వెళ్లేటప్పుడు ఆమెనూ, మీ వారినీ వెంట తీసుకెళ్లి, తాగిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. కోడలు చెబితే ఎదురుమాట, డాక్టరు చెబితే వైద్యం. తల్లికి నచ్చజెప్పవలసిన బాధ్యత మొదట మీ భర్తది, కనీసం కాన్పు అయ్యేవరకైనా ఇంట్లోకి కల్లు రాకుండా చూడవలసినదీ ఆయనే. మనసు మరీ కలతగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలి మానస్’ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు పడవు.

హాని జరిగిందో లేదో కడుపులో ఉండగా తేల్చిచెప్పే పరీక్ష లేదు. పుట్టాక ఎదుగుదలలోనో మాటలోనో వెనుకబాటు కనిపిస్తే, అంగన్‌వాడీలో పిల్లలను చూసే వైద్య బృందానికి చెప్పి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపమని అడగండి. ఇది పూర్తిగా నయమయ్యేది కాదు, అయినా శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే పిల్లలు అంత బాగా నేర్చుకుంటారు. కాన్పు తరువాత పాలు పడతాయని మళ్లీ కల్లు ఇవ్వబోతారేమో, అప్పుడూ వద్దనండి: మద్యం వల్ల పాలు తగ్గుతాయే గాని పెరగవు, పైగా అది పాలలోకి కూడా వస్తుంది.