హెచ్-ఇండెక్స్ చూసి పీహెచ్‌డీ గైడ్‌ని ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్లాస్మా ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుంది. ఇద్దరు ప్రొఫెసర్లు నన్ను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. టోకమాక్ (ప్లాస్మా అనే విద్యుదావేశ వాయువును అయస్కాంతాలతో పట్టి ఉంచే ఫ్యూజన్, అంటే కేంద్రక సంలీన యంత్రం) ప్రయోగాలు చేసే ఒకరి హెచ్-ఇండెక్స్ 58. లేజర్ ప్లాస్మా సిమ్యులేషన్లు చేసే మరొకరిది 17. ఇంట్లో అందరూ మొదటివారి దగ్గరే చేరమంటున్నారు. నాకేమో రెండోవారి పని నచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండు అంకెలను పోల్చడం మానేయండి. అవి రెండు వేర్వేరు రకాల పనికి వచ్చిన లెక్కలు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 58 అంటే, ఒక్కొక్కటి కనీసం 58 సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉదహరింపులు) తెచ్చుకున్న పేపర్లు 58 ఉన్నాయని. ఒక్కో పేపరును ఎంతమంది కలిసి రాశారు, అందులో ఈయన చేసిందేమిటి అన్నది ఈ లెక్కలోకి రాదు. ప్లాస్మా ఫిజిక్స్‌లో అసలు చిక్కంతా అక్కడే ఉంది. బ్రిటన్‌లో 1983 నుంచి 2023 వరకు నడిచిన జెట్ లాంటి పెద్ద టోకమాక్ ఫలితాల మీద వచ్చే సమీక్షా పేపర్లకు వందల మంది రచయితలుంటారు. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2022 డిసెంబరులో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పెడితే 3.15 మెగాజౌళ్ల ఫ్యూజన్ శక్తి వచ్చింది. దాన్ని వివరించిన పేపరుకు వెయ్యి మందికి పైగా రచయితలు. ఆ పేపరుకు వచ్చే సైటేషన్లు వారందరి ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. ఇందులో తప్పేమీ లేదు. యంత్రాన్నీ కొలత పరికరాలనూ ఏళ్ల తరబడి నడిపినవారికి ఆ పేరు దక్కాల్సిందే. కాకపోతే ఆ అంకెను బట్టి యంత్రం ఎంత పెద్దదో తెలుస్తుంది గానీ, ఆయన మీకు ఎలాంటి గైడ్ అవుతారో తెలియదు.

చిన్న అంకెను కూడా తొందరపడి తీసిపారేయకండి. ప్లాస్మాలో లేజర్‌తో ఎలక్ట్రాన్లకు వేగం ఇవ్వొచ్చని తజిమా, డాసన్ 1979లోనే రాశారు. అంత శక్తిమంతమైన లేజర్లు అప్పటికి లేవు. వాటికి దారి వేసిన పద్ధతి 1985లో వచ్చింది. దాదాపు ఒకే శక్తి ఉన్న ఎలక్ట్రాన్ల పుంజాలను మూడు బృందాలు 2004లో చూపించాక ఆ రంగం ఊపందుకుంది. ఇప్పుడు అందులో పనిచేసేవారు మూల పేపరుగా 1979 నాటి దాన్నే ఉదహరిస్తారు. ప్లాస్మాలో మంచి ఆలోచనకు తగిన పరికరం రావడానికి ఒక్కోసారి పాతికేళ్లు పడుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఇద్దరి పేపర్ల జాబితాలనూ గూగుల్ స్కాలర్‌లో తెరవండి. ఒకరివి అక్కడ, ఇంకొకరివి స్కోపస్ అనే మరో సైటేషన్ల డేటాబేస్‌లో చూడొద్దు. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్ల (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్ల) నుంచి వచ్చిన సైటేషన్లను కూడా కలుపుతుంది కాబట్టి అక్కడ అంకె మామూలుగా పెద్దదిగా ఉంటుంది. జాబితాను సంవత్సరాల వారీగా పెట్టి, గత ఐదేళ్ల పేపర్లలో మొదటి పేరు ఎవరిదో చూడండి. అది వారి విద్యార్థిదైతే, ఆ విద్యార్థి చేరిన ఎన్నేళ్లకు మొదటి పేపరు వచ్చింది, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నది వెతకండి. ఇద్దరు ముగ్గురికి మెయిల్ రాయండి. చాలామంది ఓపిగ్గా జవాబిస్తారు. తర్వాత ఆ పేపర్లను ఉదహరించిన కొన్నింటిని తెరిచి చదవండి. ఉపోద్ఘాతంలో పది పేపర్లతో కలిపి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారా, లేక ఆ పద్ధతినే తీసుకుని ముందుకు వెళ్లారా? వారి పని వల్ల ఇతరులకు ఎంత ఉపయోగమో అక్కడ తెలుస్తుంది.

టోకమాక్ ప్రొఫెసర్‌ను అదనంగా ఒకటి అడగండి: వచ్చే మూడేళ్లలో యంత్రం నడుస్తుందా, అప్‌గ్రేడ్ కోసం ఆపుతారా? ఆపితే మీ థీసిస్‌కు కొత్త డేటా ఉండదు, పాత డేటాతోనే సరిపెట్టుకోవాలి. సిమ్యులేషన్ల ప్రొఫెసర్‌ను సూపర్ కంప్యూటర్ సమయం ఎంత దొరుకుతుందో అడగండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 17 ఉన్నవారి విద్యార్థులు తమ పేరు ముందున్న పేపర్లను ఫిజిక్స్ ఆఫ్ ప్లాస్మాస్ లాంటి జర్నల్స్‌లో వేస్తుంటే, సందేహం లేకుండా అక్కడ చేరండి. ఈ వివరాలే ఇంట్లోవాళ్లకూ చూపించండి. ఐదేళ్లలో ఒక్క విద్యార్థికీ అలాంటి పేపరు లేకపోతే మాత్రం, పని ఎంత నచ్చినా ఆయన దగ్గర చేరకండి.