రాత్రి చేతి తిమ్మిర్లు, పగలు బైక్ హ్యాండిల్

ప్రశ్న: నా వయసు 38. పర్లాకిమిడిలో ఫ్యాన్సీ షాపు ఉంది. సరుకు కోసం పాతపట్నం, టెక్కలి వైపు వారంలో నాలుగు రోజులు బండి మీదే తిరుగుతాను. ఆదివారాలు స్నేహితులతో మహేంద్రగిరి, చంద్రగిరి, తప్తపాణి దాకా రైడ్‌కి వెళ్తాం. నాది పాత 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. ఆరు నెలల క్రితం చూడ్డానికి బాగుంటుందని ఎత్తు తక్కువ ఉన్న చదును హ్యాండిల్ వేయించాను. మూడు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే గానీ తగ్గదు. దూరం వెళ్లొచ్చిన రోజు ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారుతున్నాయి. నడుము కూడా పట్టేస్తోంది. మందుల షాపులో ఇచ్చిన బి-కాంప్లెక్స్ రెండు నెలలు మింగినా గుణం లేదు. ఇంట్లో బండి అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బండి అమ్మక్కర్లేదు. ఆ కొత్త హ్యాండిల్ మాత్రం ఈ వారమే తీయించి పాతది బిగించండి. హ్యాండిల్ మార్చిన మూడు నెలలకే బాధ మొదలైంది కాబట్టి నా మొదటి అనుమానం దాని మీదే. మీ ఉత్తరంలో ఏ వేళ్లు, ఏ చెయ్యి, ఏ వేళ అన్నది స్పష్టంగా రాశారు. చేతి తిమ్మిరిలో రోగ నిర్ధారణకు సగం ఆధారం అదే.

మీకు రెండు చేతుల్లో ఉన్నది ఒకే జబ్బు కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, ఇంతవరకూ స్పర్శ తెచ్చేది మీడియన్ నరం. మణికట్టు దగ్గర ఇరుకైన సొరంగంలోంచి వేళ్లను కదిలించే తొమ్మిది టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల)తో పాటు అది అరచేతిలోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే వచ్చేది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. రాత్రి నిద్ర లేపడం, విదిలిస్తే తగ్గడం దానికి బాగా తెలిసిన లక్షణాలు. నిద్రలో మణికట్టు తెలియకుండా వంగిపోవడం వల్ల అలా జరుగుతుంది. చిటికెనవేలు, ఉంగరపువేలి మిగతా సగం అల్నార్ నరానివి. అరచేతి అంచున, చిటికెనవేలి వైపు మణికట్టు మడతకు కాస్త పైన ఉండే మెత్తని దిమ్మె కింద అది వెళ్తుంది. హ్యాండిల్ మీద శరీరం బరువు మోపితే నలిగేది సరిగ్గా ఆ చోటే.

ఇంట్లో రెండు పరీక్షలు చేసుకోండి. రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా మణికట్లు వంచి 60 సెకన్లు ఉంచండి. కుడిచేతి మొదటి మూడు వేళ్లలో తిమ్మిరి మొదలైతే కార్పల్ టన్నెల్ అనుమానం బలపడుతుంది. రెండోది, ఎడమచెయ్యి మొద్దుబారినప్పుడు చిటికెనవేలి వైపు చేతి వెనక చర్మాన్ని తాకి చూడండి. అక్కడ స్పర్శ మామూలుగా ఉంటే నరం నలుగుతున్నది మణికట్టు దగ్గర. అక్కడ కూడా మొద్దుగా ఉంటే మోచేయి దగ్గర, అంటే కారణం హ్యాండిల్ ఒక్కటే కాకపోవచ్చు. మెడ తిప్పినప్పుడు భుజం నుంచి వేళ్ల దాకా నొప్పి జివ్వుమని లాగుతుంటే మెడ నరాలను కూడా పరీక్షించాలి.

ఇక బండి సంగతి. చదును హ్యాండిల్ వేస్తే ఒళ్లు ముందుకు వాలి, నడుం మోయాల్సిన బరువులో కొంత అరచేతుల మీద పడుతుంది. సీటు మీద మామూలుగా కూర్చుని రెండు మోచేతులూ కోడి రెక్కల్లా ఆడించి చూడండి. తేలిగ్గా ఆడితే హ్యాండిల్ ఎత్తు సరిపోయినట్టు. ఆడించగానే ముందుకు పడిపోతున్నట్టు అనిపిస్తే బరువు చేతుల మీదే ఉందన్నమాట. పాత హ్యాండిల్‌తోనూ అలాగే ఉంటే రైజర్లు వేయించి 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకి లేపవచ్చు. అప్పుడు హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాకే రోడ్డెక్కండి.

క్లచ్, బ్రేక్ లివర్లు కూడా సరిచేయించండి. చాలా బండ్లలో అవి నేలకు సమాంతరంగా ఉంటాయి. అలా ఉంటే వేళ్లు చాపిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి వంగుతుంది. క్లాంపు బోల్టులు వదులు చేసి, ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలోకి వచ్చేదాకా లివర్‌ను కిందికి తిప్పి బిగించాలి. క్లచ్ గట్టిగా ఉంటే కేబుల్‌కి నూనె పట్టించండి. లోపలి తీగ పోగులు తెగి ఉంటే నూనె పనిచేయదు, కేబుల్ మార్చాల్సిందే.

కుడిచేతికి అసలు శత్రువు యాక్సిలరేటర్ పట్టుకునే తీరు. బండి ఆగి ఉన్నప్పుడు మణికట్టు నిటారుగా పెట్టి గ్రిప్ పట్టుకుంటాం. అరవై వేగానికి తిప్పేసరికి మణికట్టు కిందికి జారి వెనక్కి వంగుతుంది. ఇక గంటసేపు అలాగే ఉంటుంది. ఆ వంపులో సొరంగం లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. కాబట్టి రోడ్డు ఖాళీగా ఉన్నచోట వేగం అందుకున్నాక పట్టు మార్చుకుని, ఆ వేగంలో మణికట్టు నిటారుగా ఉండేలా గ్రిప్‌ను మళ్లీ పట్టుకోండి. తిప్పగానే స్పందన లేకుండా గ్రిప్ ఎక్కువ ఆడుతుంటే యాక్సిలరేటర్ కేబుల్‌ని 2-3 మిల్లీమీటర్ల ఆటకు సర్దించండి. అరచేయి ఆనించడానికి గ్రిప్‌కి తగిలించే ప్లాస్టిక్ రెక్క ఒకటి అమ్ముతారు. తిన్నని రోడ్డు మీద అది ఉపయోగమే. తప్తపాణి ఘాట్ లాంటి మలుపుల్లో, ఊరి రద్దీలో మాత్రం తీసేయండి. బ్రేక్ పట్టబోతే అరచేయి దాని మీద నొక్కుకుని బండి ముందుకు దూకే ప్రమాదం ఉంది.

కంపనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చేతికి చేరే కంపనం సగమైతే, అంతే హాని జరగడానికి పట్టే సమయం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. పనిముట్లు వాడే కార్మికుల కోసం ఐరోపా సమాఖ్య 2002లో పెట్టిన పరిమితులు (8 గంటల పనికి కంపన తీవ్రత 2.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ చేరితే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు) ఈ లెక్క మీదే నడుస్తాయి. అందువల్ల రైడ్లు సగానికి తగ్గించుకోవడం కంటే కంపనాన్ని సగానికి తగ్గించడం మీకు ఎక్కువ లాభం. ఇంజన్ మౌంటింగ్ బోల్టులు వదులయ్యాయేమో టార్క్ రెంచ్‌తో చూపించండి. చైన్ వదులు, టైర్ గాలి మాన్యువల్‌లో రాసినంతే ఉండాలి. చక్రం స్పోకులు, రిమ్ వంకర, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కూడా చూపించండి. కోన్ సెట్ అరిగితే గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా మణికట్టుకే తగులుతుంది. హ్యాండిల్ రెండు చివర్లా బార్ ఎండ్ బరువులు వేయిస్తే సన్నని జలదరింపు తగ్గుతుంది. మెత్తగా ఉంటుందని మరీ లావు ఫోమ్ గ్రిప్ వేయించకండి. లావు గ్రిప్‌ని పట్టి ఉంచడానికి వేళ్లు ఇంకా గట్టిగా బిగించాలి, బిగించేకొద్దీ కంపనం చేతిలోకి ఎక్కువ ఎక్కుతుంది.

గ్లవ్స్ తప్పకుండా వేసుకోండి, కానీ మణికట్టు పట్టీ బిగించి కట్టకండి. 1501 మీటర్ల మహేంద్రగిరి మీదికి చలికాలం తెల్లవారుజామున వెళ్లేటప్పుడు లోపల వెచ్చని పొర ఉన్నవి కావాలి. చలికి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, వెచ్చబడ్డాక ఎర్రబడి మండుతుంటే కంపనం రక్తనాళాలనూ దెబ్బతీస్తోందని అర్థం. సిగరెట్ అలవాటుంటే ఆ బాధ రెట్టింపవుతుంది. ఈ లక్షణం ఉంటే డాక్టర్‌కి ప్రత్యేకంగా చెప్పండి.

వైద్యం విషయానికొస్తే, మందు కంటే ముందు రాత్రిపూట మణికట్టు స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా ఆపే కట్టు. సర్జికల్ షాపుల్లో లోపల లోహపు పట్టీ ఉన్నది దొరుకుతుంది. చాలావాటిలో ఆ పట్టీ వెనక్కి వంచి వస్తుంది. దాన్ని బయటకు లాగి, మణికట్టు నిటారుగా ఉండేలా సరిచేసి మళ్లీ దూర్చండి. ఆరు వారాలు ప్రతి రాత్రీ కట్టుకోవాలి. వారానికే తగ్గిందని మానేసే వాళ్లే ఎక్కువ, వాళ్లకే మళ్లీ తిరగబెడుతుంది. బండి నడిపేటప్పుడు మాత్రం అది వద్దు.

బి-కాంప్లెక్స్ ఆపేయండి. రక్తంలో బి12 తక్కువని తేలితేనే దానితో లాభం. బి6 రోజుకు 100 మిల్లీగ్రాములో, అంతకు మించో నెలల తరబడి తీసుకుంటే అదే నరాలను పాడుచేసి తిమ్మిర్లు తేవచ్చు. మీరు వాడిన మాత్రలో ఎంత ఉందో అట్ట మీద చదవండి. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12 పరీక్షలు చేయించండి. షుగర్ జబ్బు, థైరాయిడ్ లోపం ఉన్నవారికి కార్పల్ టన్నెల్ సులువుగా వస్తుంది. అవి ఉంటే బండికి ఎన్ని మరమ్మతులు చేయించినా చెయ్యి కుదుటపడదు.

తిమ్మిరికీ, నడుం పట్టుకీ ఇచ్చే ప్రీగాబలిన్, కండరాలు సడలించే మాత్రలు మత్తు కలిగిస్తాయి. అవి మొదలుపెట్టిన రోజుల్లో బండి ముట్టుకోవద్దు. నొప్పి మాత్రలు కూడా వరుసగా వారం దాటి సొంతంగా వాడకండి.

నడుముకి పాత హ్యాండిలే సగం వైద్యం. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, వీపు గూనిగా వంచకుండా తుంటి దగ్గర వంగి కూర్చోండి. గుంతల రోడ్డు వస్తే ఫుట్‌రెస్ట్‌ల మీద కొద్దిగా లేచి నిలబడండి, దెబ్బను మోకాళ్లు తీసుకుంటాయి. గంటకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. నడుం బెల్టు రోజూ కట్టుకోమని నేను చెప్పను, దాని మీద ఆధారపడ్డ కొద్దీ కండరాలు పనిచేయడం తగ్గిస్తాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తే వ్యాయామం రోజూ 10 సార్లు చొప్పున మూడు విడతలు చేయండి. కాళ్ల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, కాలు బలహీనపడినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆరు వారాల తర్వాత కూడా రాత్రి తిమ్మిరి అలాగే ఉంటే నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతం ఎంత బాగా వెళ్తోందో కొలిచేది) అవసరం. బరంపురంలోనో, శ్రీకాకుళం, విశాఖల్లోనో న్యూరాలజిస్టును సంప్రదించండి. అప్పుడు మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ, ఆపరేషన్ గానీ సూచిస్తారు. తిమ్మిరి పగలంతా ఉంటున్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, గ్లాసు చేతిలోంచి జారుతున్నా, బొటనవేలి మొదట్లో దిమ్మె పల్చబడినా ఆరు వారాలు ఆగకండి, వెంటనే చూపించుకోండి. కండరం ఒకసారి కరిగితే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ముందు బ్రేక్ పట్టేది ఆ కుడిచేయే కాబట్టి ఈ లోపు ప్రతి రైడ్‌కి ముందు ఒక పని చేయండి. బండి స్టాండ్ మీద ఉంచి బ్రేక్ లివర్‌ను పూర్తి బలంతో 20 సార్లు నొక్కండి. చివరి అయిదుసార్లు వేళ్లు పట్టు తప్పుతుంటే ఆ రోజు బస్సులో వెళ్లండి.