ముందు ప్రశ్న రాసుకో, తర్వాత బొమ్మ గీయి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసింది, ఎంత టెన్షన్‌లో ఉన్నావో. పదేళ్ల నాటి కోడ్ చేతికిచ్చి వారంలో అర్థం చేసుకోమంటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. కానీ సిస్టమ్ మొత్తాన్నీ ఒకే బొమ్మలో గీస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం పెట్టుకోకు. నా మొదటి ఉద్యోగంలో నేను అదే చేశాను. గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌తో అన్ని మాడ్యూళ్లూ (కోడ్ భాగాలు) గీయించి గోడకి అంటించాను. చిక్కుపడ్డ నూలు ఉండలా కనిపించింది తప్ప, ఎవరికీ ఒక్క బగ్ దొరకలేదు.

ముందు నీ ప్రశ్న కాగితం మీద రాసుకో. ఏ బొమ్మ కావాలో అదే చెబుతుంది.

"ఇది ఎందుకింత స్లో?" అన్నది ప్రశ్న అయితే ఫ్లేమ్ గ్రాఫ్ తీయి, అంటే ప్రోగ్రామ్ సమయం ఏ ఫంక్షన్లలో పోతోందో పట్టీలుగా చూపే బొమ్మ. 2011లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతూ దీన్ని తయారుచేశాడు. ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే వేల పేజీల స్టాక్ వివరాలు ఒక్క తెర మీదికొచ్చాయి. చదవడంలో చాలామంది పొరబడతారు, జాగ్రత్త. ఎడమ నుంచి కుడికి వెళ్లేది కాలం కాదు. పట్టీ ఎంత వెడల్పుంటే, ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యమధ్య తీసిన శాంపిళ్లలో ఆ ఫంక్షన్ అంత ఎక్కువగా కనబడిందన్నమాట. కింద ఉన్న ఫంక్షన్ పైన ఉన్నదాన్ని పిలిచిందన్నమాట. పై అంచున వెడల్పుగా, చదునుగా ఉన్నచోట సీపీయూ ఖర్చవుతోంది. మామూలుగా రంగులకు అర్థం ఉండదు. డిస్క్ కోసమో, ఇంకో పని వదిలిపెట్టాల్సిన లాక్ కోసమో ఆగిపోయిన సమయం సీపీయూ గ్రాఫ్‌లో కనిపించదు, అది మర్చిపోకు.

"ముందు ఏ ఫైలు చదవాలి?" అంటే గిట్ చరిత్ర అడుగు, కోడ్‌లో ప్రతి మార్పూ అందులో నమోదై ఉంటుంది. 1992లోనే బెల్ ల్యాబ్స్ పరిశోధకులు సీసాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఒక్కో కోడ్ లైన్‌నీ సన్నని గీతగా చూపించారు, ఈమధ్య మారినవి ఎర్రగా, పాతవి నీలంగా. నీకంత హంగు అక్కర్లేదు. ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్క తీసి, పెద్దవీ తరచూ మారేవీ ముందు చదువు.

క్లాసులను భవనాలుగా చూపే కోడ్‌సిటీ లాంటివి చూడముచ్చటగా ఉంటాయి. రోజువారీ పనిలో నాకు అంతగా అక్కరకు రాలేదు.

ఈ వారం ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి పేమెంట్ దాకా ఒక్క దారే గీయి. మామూలు అక్షరాల్లో రాస్తే బొమ్మగా మార్చే మెర్‌మెయిడ్‌లో రాసి కోడ్ పక్కనే పెట్టు, కోడ్ మార్చినవాళ్లే దాన్నీ మార్చగలుగుతారు. గీశాక మీ సీనియర్‌కి చూపించు. "ఇక్కడ తప్పు" అని ఆయన పెన్ను అందుకున్నారంటే, ఆ మాట ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు, శ్రద్ధగా రాసుకో.

ఆదివారం ఫోన్ చేసి చెప్పు, ఆయన ఏం దిద్దారో.

మీ బాబాయి