తెలుగు పేర్ల జాబితా ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తే ఏం చేయాలి?

మీరు మూడు ఇబ్బందులు చెప్పారు. పూర్వ విద్యార్థుల సంఘం కోసం ఆన్‌లైన్ ఫారంలో సేకరించిన సీఎస్‌వీ ఫైలును (గడులను కామాలతో విడదీసి రాసిన సాదా ఫైలు) ఎక్సెల్‌లో తెరిస్తే పేర్లకు బదులు అర్థంకాని గుర్తులు వస్తున్నాయి. ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదైనా మీరు రాసుకున్న చిన్న పైథాన్ స్క్రిప్టు పట్టుకోలేకపోతోంది. జాబితా అకారాది క్రమంలో సరిగా రావడం లేదు. ఒక గ్రంథాలయానికి తెలుగు పుస్తకాల పట్టికను కొన్నేళ్లుగా కంప్యూటర్‌లో నిర్వహిస్తున్నందువల్ల ఈ మూడూ నాకు బాగా పరిచయమైనవే. మూడింటికీ మూలం ఒక్కటే: తెరమీద మనం చదివే అక్షరం వేరు, ఫైల్లో ఉండే సంకేతాల వరుస వేరు. ఆ వరుసను చూడకుండా స్క్రిప్టును ఎన్నిసార్లు సవరించినా ఫలితం ఉండదు.

ముందు పిచ్చి గుర్తుల సంగతి చూద్దాం. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే పట్టిక యూనికోడ్, ఆ సంకేతాలను ఫైల్లో బైట్లుగా రాసే పద్ధతి యుటిఎఫ్-8. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరమే అయినా, లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 4 సంకేతాలుగా, అంటే 12 బైట్లుగా ఉంటుంది. ఫైలు మొదట్లో అది యుటిఎఫ్-8 అని తెలిపే గుర్తు లేకపోతే, డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎక్సెల్ దాన్ని పాత లాటిన్ పట్టిక ప్రకారం చదివి, ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చూపిస్తుంది. మీ తెరను కాస్త పరీక్షగా చూడండి: తలమీద వాలుగీత ఉన్న లాటిన్ అక్షరం "à", దాని పక్కనే ° లేదా ± గుర్తు పదేపదే వస్తుంటాయి. అచ్చులు, హల్లులు, గుడి వరకు ఉన్న గుణింతపు గుర్తులు ° జంటతో మొదలవుతాయి. గుడిదీర్ఘం నుంచి ఆపైవన్నీ, పొల్లుతో సహా, ± జంటతో మొదలవుతాయి. ఈ జంటలు కనిపిస్తున్నాయంటే ఫైల్లోని తెలుగు చెక్కుచెదరలేదు, చదివే పద్ధతిలోనే తేడా ఉందని నిశ్చింతగా ఉండవచ్చు.

కాబట్టి ఆ ఫైలును నేరుగా తెరవకండి. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర "65001 యూనికోడ్ యుటిఎఫ్-8" పెడితే పేర్లన్నీ తెలుగులో వస్తాయి. లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఈ తిప్పలు తక్కువ, ఎందుకంటే అది సీఎస్‌వీని తెరిచేటప్పుడే ఏ పద్ధతిలో చదవాలో అడుగుతుంది.

సేవ్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యుటిఎఫ్-8", "సీఎస్‌వీ కామా డీలిమిటెడ్" అని రెండు రకాలు కనిపిస్తాయి. రెండోది ఎంచుకుంటే ప్రతి తెలుగు సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పడుతుంది, ఆ తర్వాత ఆ పేరును ఏ స్క్రిప్టూ వెనక్కి తేలేదు. పిచ్చి గుర్తులతోనే సేవ్ అయిన ఫైలును తిరిగి మార్చే చిట్కాలు చాలాచోట్ల దొరుకుతాయి గానీ, తెలుగు విషయంలో వాటిని నమ్ముకోవద్దని నా సలహా. కొమ్ముకూ పొల్లుకూ చెందిన మూడో బైటు ఆ లాటిన్ పట్టికలో ఏ అక్షరానికీ కేటాయించని ఖాళీ స్థానంలో పడుతుంది. కాపీ చేసి అతికించేటప్పుడు అవి జారిపోతే, కొమ్ములూ వత్తులూ లేని తెలుగు మిగులుతుంది. ఫారం నుంచి ఫైలును మళ్లీ దించుకోవడమే మేలు.

పైథాన్‌లో కూడా ఇదే నియమం వర్తిస్తుంది. విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (బైట్లుగా రాసే పద్ధతి) ఏమిటో చెప్పకుండా వదిలేయకండి. చదవడానికీ రాయడానికీ "యుటిఎఫ్-8-సిగ్" అని పేర్కొంటే, మొదట్లో ఉండాల్సిన గుర్తును అదే చేరుస్తుంది, చదివేటప్పుడు అదే తొలగిస్తుంది. అలా రాసిన ఫైలును మీ సంఘంలో ఎవరు డబుల్ క్లిక్ చేసినా తెలుగు సరిగానే కనిపిస్తుంది.

ఇక ఒకే పేరు రెండుసార్లు రావడం. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న పని ఇదే. "ప్రసాద్" అనే పేరులో 7 సంకేతాలు ఉంటాయి. కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత, వత్తు పడకుండా ఆపే ఒక కనిపించని సంకేతాన్ని కూడా చేరుస్తాయి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అప్పుడు సంకేతాలు 8 అవుతాయి. తెరమీద రెండు పేర్లకూ వెంట్రుకవాసి తేడా ఉండదు, స్క్రిప్టుకు మాత్రం అవి వేర్వేరు పేర్లు. పేరుకు ముందూ వెనకా ఉన్న ఖాళీలను తీసేసే స్ట్రిప్ దీన్ని ముట్టుకోదు. అనుమానం వచ్చిన రెండు గడుల మీద ఎక్సెల్‌లో సంకేతాలను లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పెట్టి చూడండి, అంకెల్లో తేడా వెంటనే బయటపడుతుంది. ఐత్వం కూడా ఇలాంటిదే: దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు.

అందుకే అసలు పేరును కదపకుండా, పక్కన పోలిక కోసం మరో నిలువు వరుసను స్క్రిప్టు చేత తయారు చేయించండి. అందులో ముందుగా యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో, ఐత్వం లాంటి విడి సంకేతాలను ఒకటిగా కలిపే "ఎన్ఎఫ్‌సీ" రూపానికి మార్చి, తర్వాత ఆ కనిపించని సంకేతాన్ని తీసేసి, చివరగా ఖాళీలనూ చుక్కలనూ తొలగిస్తే చాలు. పోలిక ఆ వరుస మీదే జరగాలి. అయితే "లక్ష్మి, లక్ష్మీ", "వెంకట, వేంకట", "సుబ్రమణ్యం, సుబ్రహ్మణ్యం" వంటి జంటలను స్క్రిప్టు తనంతట తాను కలిపేయకూడదు. తన పేరును ఎలా రాసుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం. పైథాన్‌తోపాటే వచ్చే డిఫ్‌లిబ్‌తో దగ్గరి పేర్లను ఏరి ఒక విడి జాబితాగా ఇప్పించుకుని, ఫోన్ నంబరుతో సరిచూసి మీరే నిర్ణయించండి.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ ఫైల్లో బ్యాంకు ఖాతా సంఖ్యలు ఉంటే, దిగుమతి చేసేటప్పుడే ఆ వరుసను "టెక్స్ట్"గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది కాబట్టి 16 అంకెల సంఖ్యలో చివరి అంకె 0 అయిపోతుంది.

అకారాది క్రమం విషయానికొస్తే, పైథాన్ యూనికోడ్ స్థానాలను బట్టి పేర్చుతుంది. అందులో ళ వెంటనే ల తర్వాత, ఱ వెంటనే ర తర్వాత ఉంటాయి. మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో అవి హ తర్వాత వస్తాయి. సున్న అయితే అచ్చులకన్నా ముందే ఉంటుంది, అందువల్ల "కంచర్ల" అనే ఇంటిపేరు "కట్టా" కంటే ముందొస్తుంది. సభ్యుల జాబితాకు ఈ క్రమం సరిపోతుందని నా అభిప్రాయం. వర్ణమాల క్రమమే కావాలంటే, అక్షరాలన్నిటినీ మీకు కావలసిన వరుసలో ఒక స్ట్రింగ్‌గా రాసి, ప్రతి సంకేతానికీ అందులోని స్థానాన్ని ఇచ్చి, ఆ స్థానాలతో సార్టెడ్ ఫంక్షన్‌కు కీ ఇవ్వండి. ఆ స్ట్రింగ్‌లో గుణింతపు గుర్తులనూ పొల్లునూ హల్లులన్నిటి తర్వాత చేర్చడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అవి ముందుంటే "కాకర్ల" వెళ్లి "కట్టా" కంటే ముందు కూర్చుంటుంది.