కాగని కషాయం కషాయమేనా?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. జ్వరమొస్తే మా ఇంట్లో నేలవేము మసలబెట్టి తాగిస్తారు. మా నాయనమ్మ దాన్ని 'కసాయం' అంటుంది. మొన్న పత్తి చేనుకు వేప గింజల కషాయం కొట్టమని వ్యవసాయాధికారి ఒక కాగితం ఇచ్చారు. అందులో గింజలు నానబెట్టి పిండమని ఉంది గానీ పొయ్యి మాటే లేదు. కాచనిది కషాయం ఎట్లయితది? మందుల షాపులో సీసాల మీద 'క్వాథం' అని ఉంటుంది, అదీ ఇదీ ఒకటేనా? సన్యాసులు కట్టే కాషాయానికీ దీనికీ చుట్టరికం ఉందా? కసాయం అనడం తప్పా?

సమాధానం: ముందు నాయనమ్మగారి సంగతి తేల్చేద్దాం. ఆమె మాటలో తప్పేమీ లేదు. విషం ఇసమైనట్టు, భాష బాసైనట్టు కషాయం కసాయమైంది. జనం నోట్లో ష అనే అక్షరం స కావడం తెలుగుకు పాత అలవాటే. రాసేటప్పుడు మాత్రం కషాయం అనే రాయండి. ఈమధ్య కొన్ని దుకాణాల బోర్డుల మీద 'కశాయం' అని చూస్తున్నాను, అది మాత్రం అచ్చంగా తప్పే. గొర్రెలు కోసే కసాయి మాట ఉర్దూ నుంచి వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక అసలు సందేహం. కషాయం అంటే కాచినది అనే అర్థం మనకు ఎంతగా అలవాటైందంటే, ఆ మాటలోనే కాగడం ఉందనుకుంటాం. నిజానికి లేదు. సంస్కృతంలో కషాయమంటే మొదట ఒక రుచి, మనం వగరు అనేది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరు రుచుల్లో ఆఖరిది. 'తువరస్తు కషాయోఽస్త్రీ' అని సంస్కృత నిఘంటువు అమరకోశం, అంటే తువరమన్నా కషాయమన్నా వగరే. కష్ అనే ధాతువుకు రాయడం, గీరడం అని అర్థం. బంగారాన్ని గీసి చూసే నికషం, అంటే గీటురాయి, ఆ ధాతువు నుంచే వచ్చింది. కరక్కాయ ముక్క నమిలితే నాలుక గీరుకుపోయినట్టు, గొంతు పట్టేసినట్టు ఉంటుంది కదా, ఆ వగరుకు ఈ పేరు తగినదే.

మరి నేలవేము వగరు కాదు, చేదు. మామూలు చేదు కూడా కాదు, తాగిన పిల్లవాడి ముఖం చూస్తే ఆముదమే నయమనిపిస్తుంది. అది కషాయం ఎలా అయింది? రుచి పేరు కాస్తా తయారీ పేరుగా మారింది గనుక. ఎప్పుడు మారింది అంటే, పాత ఆయుర్వేద గ్రంథం చరకసంహిత నాటికే మారిపోయింది. మధుర (తీపి) కషాయం, ఆమ్ల (పులుపు) కషాయం, కటు (కారం) కషాయం, తిక్త (చేదు) కషాయం, కషాయ కషాయం అని అందులో అయిదు చెప్పారు. ఆ చివరి పేరు చూడండి. మొదటి కషాయం రుచి, రెండో కషాయం మందు. వగరు దినుసుతో చేసిన మందు అన్నమాట. ఒకే మాట పక్కపక్కనే నిలబడి రెండు అర్థాలు చెబుతోంది. ఈ లెక్కలో మీ నేలవేముది తిక్త కషాయం. ఆరు రుచుల్లో ఉప్పుకు ఇందులో చోటు లేదు. ఉప్పును నూరి రసం పిండలేం, కాచి సారం దించలేం, నీళ్ళల్లో వేస్తే మొత్తం కరిగిపోతుంది.

ఆ మందును తయారుచేసే తీరులు కూడా అయిదు. పచ్చి ఆకు దంచి పిండితే స్వరసం. మెత్తగా నూరిన ముద్ద కల్కం. నీళ్ళల్లో కాచి దించింది క్వాథం. చల్లని నీళ్ళల్లో రాత్రంతా నానబెట్టి తేర్చింది హిమం. వేడినీళ్ళల్లో వేసి కాసేపటికి వడగట్టింది ఫాంటం. ఈ అయిదింటినీ కలిపి 'పంచవిధ కషాయ కల్పనలు' అన్నారు. అంటే శాస్త్రం ప్రకారం నూరిన ముద్ద కూడా కషాయమే! పొయ్యి ఎక్కేది ఒక్క క్వాథమే.

ఈ పేర్లు బరువుగా వినిపిస్తాయి గానీ, ఆ పనులన్నీ మన వంటింట్లో జరిగేవే. ఎండాకాలం రాత్రి ధనియాలు నానేసి పొద్దున తాగే నీళ్ళు హిమం. ఫిల్టరు కాఫీకి దించే డికాషన్, పద్ధతిని బట్టి చూస్తే, ఫాంటం. ఆకు వేసి తెర్లించే ఛాయ్ క్వాథం కోవలోకి వస్తుంది. డికాషన్ మాటకు ఇంగ్లీషులో అర్థం కాచి దించినదనే, కానీ ఫిల్టరులో మనం కాచేది ఉత్త నీళ్ళనే. ఆ మాటను ఎవరూ తప్పుపట్టరు, పాపం కషాయాన్నే నిలదీస్తాం.

కాబట్టి మీకిచ్చిన కాగితంలో భాషాదోషం లేదు. వేప గింజల కషాయం హిమానికి దగ్గరి బంధువు. 5 శాతం ద్రావణానికి 5 కిలోల గింజల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, పొద్దున పిండి, వడపోసి, 100 లీటర్లకు పలచన చేసి, కాస్త సబ్బుపొడి కలిపి కొడతారు. దీన్ని కాచకూడదు కూడా. పురుగును ఆపే అజాడిరక్టిన్ వేడికీ ఎండకూ చెడిపోతుంది. సాయంత్రం పూట కొట్టమనేది అందుకే. ఇక్కడే నాకొక ఫిర్యాదు ఉంది. మాట ఒప్పే అయినా చదివే రైతుకు కషాయం అంటే పొయ్యే గుర్తొస్తుంది. మీరు అడిగారు కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ళు గుండిగ ఎక్కిస్తే ఆ శ్రమంతా వృథా. ఇలాంటి కాగితాల్లో 'నానబెట్టి తీసిన కషాయం, కాచవద్దు' అని ఒక్క ముక్క చేరిస్తే ఏం పోతుంది?

క్వాథం సంగతికి వస్తే, క్వథ్ అనే ధాతువుకు అర్థమే కాగడం. ఇందులో అనుమానానికి తావు లేదు. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు కొలత కూడా చెప్పాడు: దంచిన దినుసుకు పదహారు రెట్లు నీళ్ళు పోసి, మట్టి కుండలో కాచి, ఎనిమిదో వంతు మిగిలాక దించాలి. క్వాథాలన్నీ కషాయాలే గానీ కషాయాలన్నీ క్వాథాలు కావు. రాసేటప్పుడు థ ఒత్తు చూసుకోండి, 'క్వాధం' అని రాస్తున్నారు. జనం మాత్రం ఈ మాటను ఎన్నడూ దగ్గరికి రానివ్వలేదు. 2020లో కరోనా రోజుల్లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల మిశ్రమానికి 'ఆయుష్ క్వాథ్' అని పేరుపెట్టింది. మన ఇళ్ళల్లో మాత్రం అది కషాయంగానే కాగింది. హిందీవాళ్ళ కాఢా ఈ క్వాథం అరిగి అయినదే. యునానీ హకీములు కాచిన మందును జోషాందా అంటారు. ఫారసీలో జోషీదన్ అంటే కాగడం, మసలడం. ఇప్పటి కుర్రాళ్ళు 'ఫుల్ జోష్' అనేదీ ఆ మసలడమే.

ఆయుర్వేద దుకాణంలో ఇంకో జంట కనబడుతుంది, అరిష్టం, ఆసవం. దినుసులు కాచిన నీళ్ళతో పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. దశమూలారిష్టం, కుమార్యాసవం అనే పేర్లలో తేడా అదే.

ఇక కాషాయం. చుట్టరికం ఉంది, అదీ కన్నబిడ్డ వరస. వగరు చెక్కలు నీళ్ళల్లో కాగితే దిగేది ఎరుపూ గోధుమా కలిసిన రంగు. అలా ఆ రంగుకూ కషాయమనే పేరొచ్చింది. దానితో అద్దిన బట్ట కాషాయం. పాణిని వ్యాకరణంలో 'తేన రక్తం రాగాత్' అనే సూత్రానికి వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణే ఇది: కషాయంతో రంగు వేసిన వస్త్రం కాషాయం. మొదటి అక్షరానికి వచ్చిన దీర్ఘమే 'దానితో రంగు పడింది' అనే అర్థం ఇస్తుంది. చెక్కలోని వగరు రంగుకే కాదు, తోళ్ళు పదును చేయడానికీ పనికొస్తుంది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క అందుకే వాడేవాళ్ళు. బతుకమ్మలో పూవుగానే మనకు తెలిసిన తంగేడు తోలు పనివాళ్ళకు చెక్కగా తెలుసు.

జైనులు ఈ మాటను ఇంకా లోపలికి తీసుకెళ్ళారు. పాత నల్లగొండ జిల్లా కొలనుపాక ఒకప్పుడు పెద్ద జైన క్షేత్రం, ఇప్పటికీ యాత్రికులు వస్తారు. జైన శాస్త్రంలో కషాయాలు నాలుగు: క్రోధం, మానం, మాయ, లోభం. మందుకూ కోపానికీ ఏం పొత్తు అంటే, పూజ్యపాదుడు అనే జైనాచార్యుడి వ్యాఖ్యలో జవాబు ఉంది. మర్రి వంటి చెట్ల కషాయం రంగును బట్టకు అంటుకునేలా చేస్తుంది, అలాగే కోపం మొదలైనవి కర్మను ఆత్మకు అంటిస్తాయి, అందుకే వాటికీ ఆ పేరు. పిల్లలమర్రి ఉన్న పాలమూరు వాళ్ళకు మర్రి గురించి నేను చెప్పాలా!

రంగు అర్థంలో కషాయ వస్త్రం అన్నా సంస్కృతంలో చెల్లుతుంది. తెలుగులో మాత్రం బట్టకు కాషాయం, మందుకు కషాయం అని రెండూ విడిపోయి స్థిరపడ్డాయి, వాటిని అలాగే ఉంచండి. 'కాషాయం తాగాను' అని ఎవరైనా రాస్తే ఒక దీర్ఘం కొట్టేయండి, చాలు.